చెయ్యి పట్టని గురువు

పడమటి కర్నూలులో వెంకన్న కథ వినకుండా పెరిగినవాళ్లు తక్కువ. తల్లీతండ్రీ లేని పిల్లవాడు, పశువులు కాచుకుని బతికేవాడు, అక్షరం ముక్క రానివాడు. అటుగా వెళుతున్న రాఘవేంద్రస్వామికి తన గోడు చెప్పుకుంటే, కష్టం వచ్చిన రోజున తనను తలుచుకోమని స్వామి దీవించారు. కొన్నాళ్లకు ఆదోని పాలకుడు సిద్ది మసూద్ ఖాన్ గుర్రం మీద ఆ దారిన వస్తుంటే ఒక ఉత్తరం అందింది. చదివిపెట్టేవాళ్లు పక్కన లేరు. ఎదురుపడ్డ వెంకన్నను చదవమన్నాడు. రాదంటే నమ్మలేదు, గద్దించి బెదిరించాడు. వెంకన్న స్వామిని తలుచుకుని కాగితం విప్పాడు. గడగడా చదివేశాడు. అందులో ఉన్నది శుభవార్త కావడంతో నవాబు పొంగిపోయి అతణ్ణి కొలువులో పెట్టుకున్నాడు, చివరికి దివానును చేశాడు. తుంగభద్ర ఒడ్డున మంచాల గ్రామం స్వామికి దక్కడం వెనక ఆ దివాను ఉన్నాడని భక్తుల నమ్మకం. ఆ మంచాలే నేటి మంత్రాలయం. స్వామి 1671లో బృందావన ప్రవేశం చేసింది అక్కడే. మసూద్ ఖాన్ కథలోనే కాదు, చరిత్రలోనూ ఉన్న మనిషి. ఆదోని జామియా మసీదు ఆయన కట్టించిందే.

కథ ఆ ఒక్క ఉత్తరం దగ్గర ఆగిపోతుంది. దివాను అయినవాడికి మర్నాడు ఇంకో ఉత్తరం వస్తుంది, ఆ మర్నాడు శిస్తు లెక్కలు వస్తాయి. అవన్నీ స్వామిని తలుచుకునే చదివాడా, లేక ఎవరైనా మున్షీ పక్కన కూర్చుని ఓనమాల నుంచి దిద్దుకున్నాడా? భక్తుడికి ఈ ప్రశ్న అక్కర్లేదు. చదువు చెప్పేవాళ్లకూ చదువుకునేవాళ్లకూ మాత్రం కావాలి. విద్య దయతో వస్తుందా, సాధనతో వస్తుందా, గురువు దగ్గర కూర్చుంటేనే వస్తుందా? మూడున్నర శతాబ్దాల తర్వాత ఇదే నేల మీద ఈ ప్రశ్న మళ్లీ లేచింది. ఇప్పుడు ఇక్కడివాళ్లు కంప్యూటర్‌లో ఉత్తరం తయారుచెయ్యడం నేర్చుకుంటున్నారు, అదీ తమను ఎన్నడూ చూడని గురువుల దగ్గర.

ఆదోని అంటే పత్తి. మార్కెట్ యార్డు, జిన్నింగ్ మిల్లులు. ఎమ్మిగనూరు అంటే మగ్గం. మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన నేతగాళ్ల సహకార సంఘం ఆ ఊరికి పేరు తెచ్చింది. రెండు చోట్లా తరతరాలుగా బతుకుతెరువు చేతిపని మీదే నడిచింది. 2011 జనగణనలో కర్నూలు జిల్లా అక్షరాస్యత 60 శాతం దగ్గర ఉంది. దేశ సగటు అప్పటికి 73. కోసిగి, కౌతాళం వైపు పల్లెలు అంతకన్నా వెనకబడ్డాయి. అలాంటి చోట 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. అర్జీ అన్నది కంప్యూటర్ గుండానే పోవడం మొదలైంది. గ్రూప్-2 ఉద్యోగం కావాలంటే ఆఫీస్ ఆటోమేషన్ పరీక్ష గట్టెక్కాలి. జిరాక్స్ అంగట్లో పనికి కుదిరే కుర్రాణ్ణయినా, మిల్లులో గుమాస్తాగా చేరబోయే అమ్మాయినయినా ముందు అడిగేది వర్డ్ వచ్చా అనే.

ఊళ్లో నేర్పే సెంటర్లు లేకపోలేదు. ఫీజు, బస్సు చార్జీ, సాయంత్రం ఇంటి పని, ఆడపిల్ల చీకటి పడ్డాక తిరిగి రావడం లాంటివి లెక్క వేసుకున్న ఇల్లు ఫోన్ వైపు, ఆన్‌లైన్ కోర్సు వైపు చూస్తుంది. 2017లో కేంద్రం మొదలుపెట్టిన గ్రామీణ డిజిటల్ సాక్షరతా పథకం ఇంటికి ఒకరి చొప్పున 6 కోట్ల కుటుంబాలను లక్ష్యంగా పెట్టుకుని 20 గంటల పాఠం నిర్ణయించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ నైలిట్ వారి సీసీసీ కంప్యూటర్ కోర్సు 80 గంటలు. వర్డ్ ప్రాసెసింగ్ అందులో ఒక భాగం. వీటన్నిటికన్నా మనసు పెట్టి కట్టినవి ఐఐటీ బాంబే స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు. లిబ్రేఆఫీస్ రైటర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను పది నిమిషాలకు అటూఇటూగా ఉండే ముక్కలు చేసి, స్క్రీన్ మీద జరిగేది చూపిస్తూ గొంతు వినిపిస్తారు. ఆ గొంతు తెలుగులోనూ ఉంది. తెర మీద ఒక పక్క పాఠం, ఇంకో పక్క రైటర్ తెరిచి పెట్టుకుని, ఆపుకుంటూ, చేసుకుంటూ పోవాలి. పక్కన మాస్టారు ఉండడని ముందే తెలిసి తయారుచేసిన పద్ధతి అది.

పొట్టకూటి కోసం నేర్చుకునే ఈ పనికి గురువు, అనుగ్రహం లాంటి పెద్ద మాటలు ఎందుకని అడిగేవాళ్లుంటారు. ముండకోపనిషత్తులో శౌనకుడనే గృహస్థు అంగిరసుణ్ణి ప్రశ్న అడిగినప్పుడు ఆయన విద్యలు రెండని చెబుతాడు. పరతత్వాన్ని తెలిపేది పర, మిగతాదంతా అపర. ఆ అపరలో ఏమున్నాయో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నాలుగు వేదాలూ అందులోనే ఉన్నాయి. ఉచ్చారణ, వ్యాకరణం, ఛందస్సు అందులోనే. యజ్ఞవేదిక ఇటుకలను తాడుతో కొలిచి ఎలా పేర్చాలో చెప్పే కల్పమూ అందులోనే. కొలత తప్పకుండా ఇటుక పేర్చడం వేదాల సరసన కూర్చున్నప్పుడు, కొలత తప్పకుండా పేజీ పేర్చడాన్ని గుమ్మం బయట నిలబెట్టడం న్యాయం కాదు. తన మాట తానే రాసుకుని అధికారి ముందు పెట్టగలగడం మనిషికి తలెత్తుకునే బలాన్నిస్తుంది. దాన్ని విద్య అనడానికి సందేహించనక్కర్లేదు.

చిక్కు గురువు విషయంలో ఉంది.

మన చదువు మొదలయ్యేదే చేతి స్పర్శతో. అక్షరాభ్యాసం రోజున పళ్లెంలో బియ్యం పోసి, బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ చిన్న వేలిని పట్టుకుని అక్షరం దిద్దిస్తారు. బిడ్డకు అక్షరం తెలియకముందే దాని వంపు చేతికి తెలుస్తుంది. ఆదోని ముస్లిం ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా చేయించే ఆచారం ఉంది. పెద్దవాళ్లు పలికింది పిల్లలు వెంట పలుకుతారు. ఖురాన్‌లో మొట్టమొదట అవతరించాయని ముస్లింలు నమ్మే వాక్యాలు చదవమన్న ఆజ్ఞతో మొదలై, కలం ద్వారా నేర్పిన దేవుణ్ణి తలుస్తాయి. అక్షరం రాని ప్రవక్తకు ఆ ఆజ్ఞ అందించిన దేవదూత ముందు ఆయనను గట్టిగా అదుముకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ మతమైనా, ఈ మతమైనా తొలి అక్షరాన్ని ఒక ఒంటి దగ్గరి నుంచి ఇంకో ఒంటికి అందించాయి.

ఎమ్మిగనూరు నేతగాడి ఇంట్లో చదువూ అలాంటిదే. పిల్లలు ముందు కండెలు చుడతారు. తర్వాత తెగిన పోగు అతకడం నేర్చుకుంటారు. గుంట మగ్గంలో దిగి నాడె విసిరే వయసు వచ్చేసరికి, పక్కన కూర్చుని చూసిన ఏళ్లే సగం పని నేర్పి ఉంటాయి. పడుగులో పోగు తెగితే తండ్రి చెప్పనక్కర్లేదు, ఆయన చెయ్యి ఆగడం చూసి కొడుక్కి తెలుస్తుంది. ఈ చదువుకు పుస్తకం లేదు. పక్కన ఉండటమే పుస్తకం.

అయితే పక్కన లేకుండా నేర్చుకున్నవాడి కథ కూడా మనకు ఉంది. నిషాదుల పిల్లవాడు ఏకలవ్యుణ్ణి ద్రోణుడు శిష్యుడిగా తీసుకోలేదు. అతను అడవిలో మట్టితో గురువు బొమ్మ చేసుకుని, దాని ముందు విల్లు పట్టి, అర్జునుడికే కన్ను కుట్టేంత విద్య సాధించాడు. రికార్డయిన పాఠం ముందు కూర్చున్న ప్రతి విద్యార్థిలోనూ ఏకలవ్యుడి అంశ ఉంది. గురువుకు తాను ఉన్నట్టే తెలియదు. అయినా శ్రద్ధ ఉంటే విద్య వస్తుంది. కులం చూసి, ఆడా మగా చూసి, ఫీజు చూసి గుమ్మం మూసే చోట్ల మట్టి బొమ్మ గొప్ప మేలే చేస్తుంది. ఆ మేలును తక్కువ చేసి మాట్లాడకూడదు.

మహాభారతం కథను అక్కడ ఆపలేదు. శిష్యుడి చెయ్యి ఎలా కదులుతోందో ఒక్కనాడూ చూడని గురువు దక్షిణ అడగడానికి వచ్చాడు, కుడిచేతి బొటనవేలు తీసుకుని వెళ్లాడు. ఈ బొటనవేలి గురించి ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ తాలూకాల్లో చదువు రానివాళ్ల తరఫున కాగితం మీద నిలబడింది ఆ వేలే. రిజిస్ట్రార్ ఆఫీసులో, సొసైటీ అప్పు పత్రం మీద, కూలి మస్టరులో సిరా అద్దుకుని ముద్ర పడింది. కీబోర్డు మీద మిగతా వేళ్లకు అక్షరాలు పంచేసి బొటనవేలికి స్పేస్ బార్ అప్పగించారు. మాటకూ మాటకూ మధ్య జాగా వదలడం దాని పని. సిరా పెట్టె నుంచి స్పేస్ బార్ దాకా ఆ వేలు రావడానికి ఒక కుటుంబంలో రెండు మూడు తరాలు పట్టి ఉంటాయి. అలా వచ్చిన శిష్యుణ్ణి చూడకుండానే కోర్సు ముగించి సర్టిఫికెట్ పంపేవాళ్లకు ద్రోణుడి సంగతి గుర్తుండాలి.

ఆ చూడటం అంటే ఏమిటో ఒక ఉత్తరంతో తేలుతుంది. ఎమ్మిగనూరులో ఒక అమ్మాయి తాతగారి చేనేత పింఛను కోసం వార్డు సచివాలయానికి అర్జీ రాస్తోందనుకుందాం. పైన చిరునామా కొట్టింది. “విషయం” అన్న మాట కాగితం మధ్యలోకి రావాలి. స్పేస్ బార్ ఇరవై ముప్పైసార్లు నొక్కింది. మాట జరిగి జరిగి మధ్యకు వచ్చింది. ప్రతి వరుస చివరా ఎంటర్ నొక్కింది, చేతిరాతలో అంచు రాగానే కింది వరుసకు దిగినట్టు. కుడి వైపు సంతకం చోటుకీ అదే పద్ధతి. ప్రింటు తీస్తే అర్జీ చక్కగా ఉంది. తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అక్షరం చిన్నదిగా ఉంది, తాతకు కనబడదు, పెద్దది చెయ్యమని ఇంట్లో అన్నారు. 12 ఉన్నదాన్ని 14 చేసింది. అర్జీ చెదిరిపోయింది. “విషయం” కుడి అంచుకు తోసుకుపోయింది, సగం వరుసలు మధ్యలో తెగి కిందికి దిగాయి, సంతకం చోటు రెండో పేజీకి పోయింది. ఎక్కడ తప్పు చేసిందో అమ్మాయికి తెలియదు, ఎందుకంటే ఆమె చేసిన పని నిన్నటి దాకా సరిగ్గానే కనబడింది. పాఠం పదిసార్లు తిప్పి చూసినా ఈ సంగతి దొరకదు. మాటను మధ్యకు తెచ్చే బటన్ ఎక్కడుందో పాఠం చూపించింది. స్పేస్ బార్‌తో తేవచ్చని ఆమె తనంతట తాను కనిపెట్టింది. నేర్పేవాడు చెప్పని చోట నేర్చుకునేవాళ్లు ఏదో ఒక దారి వేసుకుంటారు, ఆ దారి గురువుకు కనబడదు.

ఇప్పుడు ఆ ఫైలు నేర్పే మనిషికి చేరి, ఆవిడ దాన్ని తెరిచిందనుకుందాం. రైటర్‌లో కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కితే కాగితం మీద పడని గుర్తులన్నీ తెర మీదికి వస్తాయి. నొక్కిన ప్రతి స్పేసూ ఒక చుక్క అవుతుంది, ప్రతి ఎంటరుకూ ఒక గుర్తు పడుతుంది. “విషయం” ముందు చుక్కల బారు. వరుస వరుసకూ ఎంటర్ గుర్తు. ఒక చోట చుక్కలు రెండు ఎక్కువయ్యాయి, ఇంకో చోట ఒకటి తగ్గింది. అమ్మాయి ఎక్కడ తడబడిందో, ఎక్కడ వెనక్కి వచ్చి సర్దిందో కనబడుతోంది. 80 కిలోమీటర్ల అవతల కూర్చున్నా ఆవిడకు ఆ చెయ్యి కదిలిన తీరు కనబడింది. ఇక రెండు మాటలు చాలు. అమ్మాయి ఇకపై స్పేస్ బార్‌ను ఆ పనికి వాడదు.

గురువు దగ్గరితనాన్ని అడుగుల్లో కొలవడం పొరపాటని ఈ ఫైలు చెబుతోంది. ఒకే గదిలో ముప్పై మంది వెనక తిరుగుతూ ఎవరి తెరా చూడని మాస్టారు దూరంగానే ఉన్నాడు. లోయర్, హయ్యర్ పరీక్షలకు టైపు నేర్పిన పాత ఇన్‌స్టిట్యూట్లలో మంచి మాస్టారు అన్న పేరు, కూర్చున్న పిల్ల ఏ వేలుతో ఏ అక్షరం కొడుతోందో గమనించే మనిషికే దక్కింది. శిష్యుడి తప్పు మీద గురువు చూపు పడటమే ఆ దగ్గరితనం. అది పడేట్టు ఏర్పాటు చేస్తే ఆన్‌లైన్ కోర్సు గురుకులమే. చెయ్యకపోతే అది గ్రంథాలయం. గ్రంథాలయం గొప్పదే, కానీ అది ఎవరి తప్పూ దిద్దదు.

సత్యకాముడి కథ ఇక్కడ వెలుగునిస్తుంది. గౌతముడు అతణ్ణి శిష్యుడిగా తీసుకుని, నాలుగు వందల బక్క ఆవులు అప్పగించి అడవికి పంపాడు. అవి వెయ్యి అయ్యేదాకా సత్యకాముడు తిరిగి రాలేదు. దారిలో ఎద్దు బ్రహ్మతత్వంలో ఒక పాదం చెప్పింది, అగ్ని ఒకటి, హంస ఒకటి, నీటిపక్షి ఒకటి. బ్రహ్మవిద్య మొత్తం గురువు లేకుండానే అందింది. అతని ముఖం చూసి గౌతముడికి ఆ సంగతి అర్థమైంది. అయినా సత్యకాముడు, మీరే చెప్పాలని అడిగాడు; ఆచార్యుడి నోట విన్న విద్యే బాగా నిలుస్తుందని పెద్దల వల్ల విన్నానన్నాడు. గౌతముడు అదే విద్యను, ఏదీ వదలకుండా చెప్పాడు. ఛాందోగ్యోపనిషత్తు ఎద్దునూ పక్షినీ తక్కువ చెయ్యలేదు, గురువు చివరికి వినిపించాల్సిన అవసరాన్నీ వదల్లేదు. ఈ కథలో దూరవిద్యకు ఒక పూర్తి పద్ధతి ఉంది. శిష్యుణ్ణి దూరం పంపవచ్చు. మనిషి కానివాటి దగ్గర నేర్చుకోనివ్వవచ్చు. తిరిగి వచ్చినప్పుడు ముఖం చూసే మనిషి ఒకరు ఉండాలి.

ఇక అనుగ్రహం మాట. మంత్రాలయం మఠం మధ్వ సంప్రదాయానిది. మధ్వాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యంలో గురుప్రసాదానికి అన్నిటికన్నా ఎక్కువ బలం ఉందని ఒప్పుకున్నారు. ఆ చోటే, అయినా శ్రవణం మొదలైనవి శిష్యుడు చెయ్యవలసిందేనని కూడా పెట్టారు. వెంకన్న కథను ఈ సిద్ధాంతం పక్కన పెట్టి చదివితే రెండూ ఒకదానికొకటి అడ్డు రావు. ఉత్తరం రోజున దయ పనిచేసింది. దివానుగిరీ చేసిన ఏళ్లలో వినడం, చదవడం, తిరగరాయడం చెయ్యకుండా ఎవరూ నెగ్గుకురాలేరు. ఒక్కో జీవుడి యోగ్యత ఒక్కో తీరన్నదీ ఆ సంప్రదాయంలోని మాటే. నేర్పేవాళ్లు దాన్ని తమ పనికి తెచ్చుకోవచ్చు. మగ్గం మీద పెరిగిన చేతికి కీబోర్డు లయ త్వరగా పట్టుబడుతుంది, కానీ ఇంగ్లీషు మెనూలు అడ్డం పడతాయి. డిగ్రీ చదివిన కుర్రాడికి మెనూలు సులువు, వేళ్లు మాత్రం రెండే కదులుతాయి. అయినా కోర్సు ఇద్దరికీ ఒకే పాఠం, ఒకే వేగం పెడుతుంది.

రికార్డయిన పాఠానికి ఒక గుణం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అది విసుక్కోదు. నలభై ఏళ్లు దాటి, పిల్లల ముందు తెలియదని చెప్పుకోలేని అంగన్‌వాడీ టీచరు రాత్రి పూట ఒకే ముక్కను ఎన్నిసార్లయినా వినవచ్చు. తరగతిలో అడగడానికి నోరు రాని ఆడపిల్లకూ అంతే. దయ అంటే ఓర్చుకోవడం కూడా అయితే, ఆ పాటి దయ యంత్రం దగ్గర దొరుకుతోంది. మంచి గురువులకే ఉండే ఓర్పు అది.

ఆదోనికి సంబంధించిన ఇంకో సంగతి ఏ పాఠంలోనూ కనబడదు. ఊరు కర్ణాటక సరిహద్దులో ఉంది. ఒకే ఇంట్లో తెలుగు, కన్నడం, బజారులో ఉర్దూ వినబడతాయి. 1991 నాటి భారతీయ ప్రమాణంలో చోటు దక్కిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఎడమచేతికి అచ్చులు, కుడిచేతికి హల్లులు. తెలుగు “క” ఏ మీట మీద ఉందో కన్నడ “క” కూడా అదే మీట మీద ఉంది. తెలుగులో టైపు నేర్చుకున్న పిల్ల భాష మార్చి కన్నడం కొట్టడం మొదలుపెట్టవచ్చు. వేళ్లు కొత్తగా నేర్చుకునేది కొంచెమే. క్ష రాయాలంటే క, పొల్లు, ష వరుసగా కొట్టాలన్న నియమం రెండింటికీ ఒకటే. ఉర్దూ కొట్టేవాళ్లకు పేరా దిక్కును కుడి నుంచి ఎడమకు మార్చుకోవడం తెలియాలి. ఢిల్లీలోనో ముంబైలోనో తయారైన పాఠానికి ఈ ఊరు తెలియదు. ఊరు తెలిసిన మనిషి కోర్సులో ఎక్కడో ఒక చోట ఉంటే, ఈ పిల్లలకు రెండు భాషల రాత ఒకే కష్టంతో అందుతుంది.

దూరవిద్య తెలుగువాళ్లకు కొత్త కాదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. పుస్తకాలు పోస్టులో పంపి, రేడియోలో పాఠాలు చెప్పిన ఆ సంస్థ కూడా ఊళ్లలోని కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టింది, సెలవు రోజుల్లో మనుషులు మనుషులకు ఎదురుపడే తరగతులు నడిపింది. సందేహం తీర్చేవాళ్లు లేని పుస్తకం ఎంత దూరం పోగలదో ఆ తొలినాటి అధ్యాపకులకు తెలుసు. వర్డ్ ప్రాసెసింగ్ లాంటి చిన్న కోర్సు పెట్టేవాళ్లు ఆ జాగ్రత్తను ఖర్చు కింద కొట్టేస్తున్నారు. ఎంతమంది వీడియో చివరిదాకా చూశారో లెక్క ఉంటుంది, ఎన్ని ఫైళ్లు ఎవరైనా తెరిచి చూశారో లెక్క ఉండదు.

ఈ ప్రాంతంలో ఇంకో కష్టం ఉంది. ఖరీఫ్ ముగిశాక పడమటి మండలాల నుంచి కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు, పత్తి తీతకు వెళతాయి. ఎదిగిన పిల్లలు వెంట వెళతారు. ప్రత్యక్ష తరగతి వాళ్ల కోసం ఆగదు, పరీక్ష తేదీ ఆగదు. రికార్డయిన పాఠం ఆగుతుంది. ఉగాదికి ఊరు చేరిన అమ్మాయికి అది ఆగిన చోటే దొరుకుతుంది. ఆమె అప్పుడు పంపే మొదటి ఫైలు తెరిచి చుక్కలు చూసే మనిషి ఏప్రిల్, మే నెలల్లో కూడా పనిలో ఉండాలి, ఆ మనిషికి తెలుగూ కన్నడమూ రావాలి, ఒక్కో ఫైలుకు కూలి కట్టివ్వాలి. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో కంప్యూటర్ సబ్జెక్టుతో డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్నవాళ్లకు ఈ పని అప్పగించవచ్చు.